చేవ్రాళ్ల సేకరణము

హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము 1163వ సంవత్సరమునాటిది. అందు కాకతీయ రుద్రదేవుని పేరును, కాలమును నేటికిని నిలిచియున్నవి. ప్రసిద్ధులైన ఆటగాండ్ర చేవ్రాలును అట్టిదే. అది చిన్న కాగితపు శాసనము.

1933-34లో జార్డిన్ నాయకత్వమున ఇంగ్లండు క్రికెట్ జట్టు మన దేశమునకు వచ్చెను. తెలుగు వంశజుడగు సి. కె. నాయుడు మన జట్టుకు నాయకుడు. మన ఆటగాడు విజయ్ మర్చంట్ సోదరి పుస్తకమున ఒక పుటలో ఆ ఇంగ్లండువారు పదునార్గురి చేవ్రాళ్లు ఉండెను. ఆమె గాంధీజీని చేవ్రాలు కోరగా, ఆయన ఆ పుటయందే 17వ వానిగా సంతకము చేసెను! ఆంగ్లప్రభుత్వము నెదిరించిన మహాత్ముడు ఆంగ్ల క్రీడాకారుల సరసన నిలుచుటకు సంకోచింపలేదు.

బాలలారా! చేవ్రాలును వినయముతో అడిగి పొందుడు. ప్రక్కనే తేదీని, స్థలమును వ్రాసికొనుడు. అవి లేని చేవ్రాలు మూగది.