సేవాసంఘము – పొరుగువాని కొరత

పొరుగువాని కొరతను చూచుటయే సేవకు మొదటి మెట్టు. 1905వ సంవత్సరమున షికాగో నగరమందు పాల్ హారిస్ అను న్యాయవాది మువ్వురు మిత్రులతో గూడి రోటరీ సంఘమును స్థాపించెను. తొలుత స్నేహమునకును వర్తకలాభమునకును కూడిన వారు, 1907లో పురజనుల యవసర మెరిగి బహిరంగ మరుగుదొడ్లు కట్టించుటకు పూనుకొనిరి.

1985లో ఆ సంఘములు పోలియో నిర్మూలనకు దీక్ష వహించెను. మనదేశమున సభ్యులు ఆరోగ్యసిబ్బందితో గూడి పిల్లలకు చుక్కలు వేయించిరి. సందేహించు తల్లులకు ఓర్పుతో నచ్చజెప్పిరి. 2011 జనవరిలో హౌరా జిల్లాలో ఒక పసిబిడ్డకు సోకినదే ఇచ్చటి కడపటి సహజ పోలియో. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ధ్రువపరుపబడెను. అయినను పాకిస్తాన్, ఆఫ్గనిస్తాన్ దేశములలో ఆ వ్యాధి యింకను నిలిచియున్నది. కావున ఒక్క బిడ్డను విడిచినను ముప్పు కలుగవచ్చును.

విద్యార్థులారా! చుక్కలు వేయు దినమును మీ వీధిలోని తల్లులకు ముందుగా తెలియజేయుడు. పేరు కోరక చేయుడు. ధర్మకార్యము రహస్యముగా జరుగవలెనని ప్రభువు కొండమీది ప్రసంగమున బోధించెను గదా!