రాముడు ఎలాంటివాడు? విభీషణుడు వచ్చిన రోజు చూడండి

ఈ వారం వీడియో విభీషణ శరణాగతి మీద చేశాం కదా, పది నిమిషాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

రాముడు ఎలాంటివాడు అని అడిగితే పితృవాక్య పరిపాలకుడు, ఏకపత్నీవ్రతుడు అని టక్కున చెప్పేస్తాం. నిజమే. కానీ పక్క ఫ్లాట్ గుమ్మం మీద నేమ్‌ప్లేట్ చదివినంత మాత్రాన లోపలి మనిషి తెలిసిపోడు కదా! నాకు రాముడు కాస్త తెలియడం మొదలైంది వాల్మీకి రామాయణం తాత్పర్యంతో వరసగా చదువుతూ యుద్ధకాండ 17, 18 సర్గల దగ్గరికి వచ్చాక.

సముద్రానికి ఇవతలి ఒడ్డు. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలోనే ఆగాడు. చంపేద్దాం అన్నాడు సుగ్రీవుడు. రాముడు వెంటనే తీర్పు చెప్పలేదు, అందరినీ అడిగాడు. పరీక్షిద్దామని అంగదుడు, గూఢచారిని పంపుదామని శరభుడు. జాంబవంతుడికి అతను వచ్చిన వేళా, చోటూ రెండూ అనుమానమే. అతని మాటలో, ముఖంలో చెడు కనబడలేదన్నది హనుమ. అవతల భార్య శత్రువు చెరలో ఉంది, అయినా రాముడు అందరి మాటా పూర్తిగా విన్నాడు.

స్నేహం కోరి వచ్చినవాణ్ణి, వాడిలో దోషమున్నా సరే, వదలనన్నాడు. సుగ్రీవుడు ఊరుకోలేదు. ఆపదలో సొంత అన్ననే వదిలేసినవాడు రేపు ఎవర్ని వదలడు అన్నాడు. రాముడు కసురుకోలేదు. అన్నదమ్ములందరూ భరతుడిలా ఉండరు అని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత ఒక పావురం కథ గుర్తుచేశాడు. తన దగ్గరికి వచ్చిన వేటగాడికి తన మాంసమే పెట్టిన పావురం. ఆ వేటగాడు ఎవరనుకున్నారు? దాని భార్యను పట్టుకున్నవాడే!

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. భార్యను పోగొట్టుకున్న మనిషి ఏరికోరి ఆ కథే చెప్పాడు. చెప్పి, వచ్చింది విభీషణుడైనా, రావణుడే అయినా అభయమిచ్చేశాను, తీసుకురా అన్నాడు. ఎవరితో? అంతసేపూ వద్దన్న సుగ్రీవుడితోనే.

మరి అదే కాండ చివర్లో, యుద్ధమయ్యాక, సీతమ్మతో అన్న కటువైన మాటలో? వ్యాఖ్యాతలు సమాధానాలు చెప్పారు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. అలాగని ఆ సర్గ దాటేసి చదవడం నాకిష్టం లేదు. వాల్మీకి దాచలేదు, సీతమ్మ ఇచ్చిన జవాబునీ తగ్గించలేదు. నాకు తెలిసిన రాముడిలో ఆ పేజీలూ ఉన్నాయి.

గీతాప్రెస్ వాళ్ల తెలుగు ప్రతి దొరుకుతుంది. శ్లోకం నోరు తిరక్కపోతే తాత్పర్యమే చదవండి. పావురం ప్రస్తావన 18వ సర్గలో ఉంటుంది. దానికోసం తొందరపడి సుగ్రీవుడి అభ్యంతరాలు మాత్రం దాటెయ్యకండి, అవి చదివితేనే రాముడి ఓపిక తెలుస్తుంది.