రక్తపోటు మాత్రలు వాడేవారు కొబ్బరినీరు త్రాగవచ్చునా?

కోనసీమలో అతిథికి కొబ్బరిబొండం ఇచ్చుట మర్యాద. కొబ్బరినీరు శీతలమనీ, దాహమును, పిత్తమును హరించి మూత్రాశయమును శుద్ధి చేయుననీ ఆయుర్వేదం చెప్పుచున్నది. అయితే అదే నీరు రక్తపోటు మాత్రలు వాడేవారిలో అందరికీ ఒకే రీతిగా పనిచేయదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో జరిపిన పరిశీలనలో మరణాలలో దాదాపు మూడవ వంతు గుండె, రక్తనాళ వ్యాధుల వల్లనేనని తేలింది. కనుక ఈ విషయం ప్రతి ఇంటికీ అవసరమైనదే.

మాత్ర రక్తపోటును తగ్గించుటతోపాటు శరీరంలోని లవణాల, చక్కెరల పరిణామమును కూడా మార్చును. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీటిలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉండును.

పొటాషియంను నిలిపేవి: టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్. మూత్రపిండములు బలహీనమైనవారిలో ఇది రక్తంలో పేరుకొని గుండె లయను తప్పించగలదు. లక్షణాలు ముందుగా కనిపించకపోవచ్చును. వీరికి కొబ్బరినీరు, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ప్రమాదకరం.

పొటాషియంను పోగొట్టేవి: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. ఇవి కొందరిలో చక్కెరను, యూరిక్ ఆమ్లమును పెంచును. వీటితో అతిమధురం ఎక్కువ దినములు వాడరాదు. అది కూడా పొటాషియంను తగ్గించి రక్తపోటును పెంచును.

నాడిని నెమ్మదింపజేసేవి: అటినొలాల్, మెటోప్రొలాల్. మధుమేహ రోగికి చక్కెర పడిపోయినపుడు కలుగు గుండెదడ, వణుకు వీటివల్ల మరుగుపడును. చెమట మాత్రం పట్టును, దానిని గుర్తించవలెను.

ఆమ్లోడిపిన్ చక్కెర, పొటాషియంలను అంతగా మార్చదు. కొందరికి చీలమండల వాపు మాత్రం రావచ్చును.

సర్పగంధ రక్తపోటును తగ్గించునని 1949లో ముంబయి వైద్యుడు రుస్తోం జాల్ వకీల్ తన అనుభవమును ప్రకటించి ప్రపంచమునకు తెలిపెను. అంతటి శక్తిగల మూలికను మాత్రలతో కలిపి సొంతంగా వాడినచో నాడి, రక్తపోటు అతిగా పడిపోవచ్చును.

పాటించవలసినవి:

1. మాత్ర పేరును చీటీపై వ్రాసి ఉంచుకొనవలెను.
2. క్రియాటినిన్, పొటాషియం, చక్కెర పరీక్షలు వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించవలెను.
3. మూత్రపిండములు బాగున్నవారికి అప్పుడప్పుడు ఒక బొండం సాధారణంగా హాని చేయదు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, గుండె బలహీనతకు నీరు తగ్గించమని చెప్పబడినవారు వైద్యుని అడిగియే త్రాగవలెను.
4. వాడుచున్న మూలికలను కూడా వైద్యునికి దాచక చెప్పవలెను.
5. చక్కెర పెరిగినదనో, వాపు వచ్చినదనో మాత్రను సొంతంగా ఆపరాదు. వైద్యుడు మోతాదును గాని, మందును గాని మార్చగలడు.

ఒకరికి పథ్యమైనది వేరొకరికి అపథ్యం కావచ్చును. రోగిని, మందును చూచి ఆహారమును నిర్ణయించుకొనుటయే క్షేమం.