భవిత కేంద్రంలో చేరిన బిడ్డకు

కోరుట్ల



ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఏళ్ల తరబడి అంగన్‌వాడీలో పనిచేసినదాన్ని కనుక ఒక్క మాట రాస్తున్నా: పిల్లకు ఏం చేయాలో తేల్చేముందు ఆ ఇల్లు ఎట్లా నడుస్తుందో తెలుసుకో.

మన కోరుట్లలో ఎన్నో ఇళ్లు బీడీల మీద, గల్ఫ్ పైసల మీద నడుస్తాయి. తల్లి ఒళ్లో చాట, తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో, పిల్లను చూసేది నాయనమ్మ. అట్లాంటి తల్లితో రోజూ గంటసేపు వ్యాయామం చేయించమంటే తలూపుతుంది. కానీ ఆ గంట పోతే కూలి పోతుంది. చేయించలేక, నీకు మొహం చూపలేక కేంద్రానికి రావడమే మానేస్తుంది.

అందుకే ముందు అడుగు. స్నానం ఎవరు చేయిస్తారు? అన్నం ఎవరు తినిపిస్తారు? స్నానం నాయనమ్మ చేయిస్తే, కాళ్లూ చేతులూ చాపించడం ఆమెకే నేర్పు. మాట ఆలస్యమైన పిల్లయితే, ముద్ద పెట్టేముందు "ఏం కావాలె?" అని అడిగి కాసేపు ఆగమను. తండ్రి వీడియో కాల్ చేసే వేళకు ఒకరోజు నువ్వూ ఉండు. తల్లికి ముందుగా ఏది కావాలో కూడా కనుక్కో. నీ దృష్టి నడక మీద ఉండొచ్చు. ఆమెకు వైకల్య సర్టిఫికెట్, పింఛను ముందు కావచ్చు.

ఇట్లా తల్లిని, ఇంటిని కలుపుకొని పనిచేయడం కొత్త పద్ధతి కాదు. అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకంలోనే తల్లులకు ఆరోగ్య, పోషకాహార బోధన ఒక సేవ. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనం, పాలు, గుడ్డు పెట్టిందీ తల్లి బాగుంటేనే బిడ్డ బాగుంటుందని. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మేధో వైకల్యమున్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ తల్లిదండ్రులకూ శిక్షణ ఇస్తుంది. ఇంకో సంగతి: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువును హక్కు చేసింది. చాలా ఇళ్లకు ఆ సంగతి నీ నోటి ద్వారానే తెలియాలి.

తల్లిని అత్త ముందు ఎన్నడూ తప్పుపట్టకు. బిడ్డ అట్లా పుట్టినందుకు ఆమె పడ్డ మాటలు చాలు.

కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లడం నీ పనిలో భాగమే. వచ్చే పిల్లల ఇళ్లకూ వెళ్లు బిడ్డా. ఆ ఇంటివాళ్లు చెప్పింది విన్న తర్వాతే రిజిస్టర్‌లో ప్రణాళిక రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ