రేపు రమ్మనకు

కోడలు పిల్లా,

ఫీజు కట్టనివాళ్ల హాల్‌టికెట్లు ఆపమని ప్రిన్సిపాల్ గారన్నారనీ, స్కాలర్‌షిప్ సీట్లో ఉన్నందుకు తిట్లన్నీ నీకే పడుతున్నాయనీ రాశావు. తిట్లు ఆ సీటుకి జీతంతో పాటే వస్తాయి, దానికి ఏడవకు. నాకు కోపమొచ్చింది నువ్వు ఆయన ముందు పెట్టిన లిస్టు చూసి. నలభై ఒక్క పేర్లు, పక్కన బాకీ. ఎవరి బాకీ అది?

సగానికి పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ పిల్లలే కదా! దరఖాస్తు వెళ్లింది, మంజూరైంది, కొందరికి ట్రెజరీలో టోకెన్ కూడా పడింది. డబ్బు రాలేదు, అంతే. అది సర్కారు బాకీ. పిల్ల పేరు పక్కన రాస్తే చూసినవాళ్లకి పిల్లే ఎగ్గొట్టినట్టు ఉంటుంది. ఇవాళే దాన్ని రెండు లిస్టులు చెయ్యి.

రెండో లిస్టు, అంటే పిల్లలు నిజంగా కట్టాల్సింది, అదీ తేలిగ్గా చూడకు. మన తెలంగాణలో ఎంసెట్‌లో (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారుగా) 10,000 లోపు ర్యాంకొచ్చిన బీసీ పిల్లకి పూర్తి ఫీజు వస్తుంది. ప్రైవేటులో ఇంటర్ చదివి 10,001 తెచ్చుకున్న పిల్లకి 35,000 రూపాయలే. మీ ఫీజు లక్ష పైన. మిగతాది ఆ ఇంట్లో ఏ గేదెనో అమ్మి తేవాలి. వీళ్లకి వాయిదాలు అడుగు. వట్టి నోటితో అడిగితే కాదంటారు, లిస్టు పట్టుకెళ్లు.

ఈ-పాస్‌లో దరఖాస్తుల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకొకటుంది, మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2008లో రీయింబర్స్‌మెంట్ బీసీలకూ వచ్చాక మా కాలేజీలో నేను కూర్చున్న స్కాలర్‌షిప్ కౌంటర్ ముందు క్యూ వరండా దాటింది. ఆ తర్వాతి రెండేళ్లలోనే ఒక పిల్ల వచ్చింది. వాళ్ల ఊరికి రోజూ రెండే బస్సులు. మొదటిసారి పాస్‌బుక్ జిరాక్స్ లేదన్నాను. రెండోసారి ఆదాయ సర్టిఫికెట్ పాతదన్నాను. మూడోసారి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, దరఖాస్తులో ఒకలా ఉందన్నాను. మూడు లోపాలూ మొదటిరోజే నా బల్లమీది కాగితాల్లో కనిపించేవే. కాగితం పూర్తిగా తిప్పి చూసే ఓపిక లేక ప్రతిసారీ రేపు రా అన్నాను. నాలుగోసారి రాలేదు. గడువు పోయింది, ఫీజంతా ఆమె పేరున బాకీగా ఎక్కింది.

మరుసటేడు తల్లితో వచ్చింది, టీసీ కోసం. బాకీ కడితేగానీ ఇవ్వరని ఎవరో చెప్పారట. తల్లి కొంగుముడి విప్పి వందలూ యాభైలూ బల్లమీద పోసింది. పత్తి ఏరిన డబ్బు. చెమటకి మెత్తబడి నోట్లు అంటుకుపోయాయి, వేలితో విడదీస్తూ లెక్కపెట్టాను. ఆ తల్లి నన్నొక్క మాటనలేదు. సార్, సరిపోయిందా అని మాత్రం అడిగింది. రసీదు రాసిచ్చి, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండా ఇంటికి తెచ్చాను. మీ అత్తయ్య కూర బాగాలేదనుకుంది.

అప్పట్నుంచీ పోస్టుకార్డంత చీటీలు కోసి పెట్టుకున్నాను. వచ్చిన పిల్ల కాగితాలన్నీ ఒకేసారి చూడటం, తక్కువైనవన్నీ ఒకే చీటీ మీద రాసివ్వడం. నువ్వూ అదే చెయ్యి. ఇంకోటి, మీ నాన్న కూలీయేనా అని కిటికీలోంచి కేకెయ్యకు. వెనక ఆమె క్లాస్‌మేట్లుంటారు. ఆదాయం కాగితం మీద ఉంటుంది, కళ్లతో చదువుకో.

డబ్బు కాలేజీకి కాక తల్లికే వేస్తే నయం కదా అన్నావు. ఆంధ్రలో 2021లో అలాగే మొదలుపెట్టి కొన్నేళ్లు నడిపారు. తల్లి తన చేత్తో కట్టి, ల్యాబ్ ఎందుకు లేదని నిలదీయొచ్చు. నాకు నచ్చిన పద్ధతే. కానీ విడత ఆలస్యమైతే కాలేజీవాళ్లు అడిగేది మళ్లీ ఆ పిల్లనే.

సర్టిఫికెట్లు మాత్రం బీరువాలో పెట్టనివ్వకు. ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకో, ప్రిన్సిపాల్ గారికి మర్యాదగానే చూపించు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకీ జీతాలివ్వాలి కదా.

రెండు లిస్టులూ శనివారంలోగా నాకు వాట్సాప్‌లో పెట్టు. టోకెన్ పడ్డవాళ్ల పేర్ల కింద గీత గియ్యి. ఫొటో తిన్నగా తియ్యి, పోయినసారి సగం బల్లే కనిపించింది.

మీ మామయ్య