గజ్జె కట్టే పిల్లల భద్రత: నాట్య తరగతుల్లో చేయవలసినవి, చేయకూడనివి

పిల్లను నాట్యంలో చేర్పించడానికి వచ్చే అమ్మానాన్నలు ఫీజు ఎంతో అడుగుతారు. వారానికి ఎన్ని క్లాసులో, రంగప్రవేశానికి ఎన్నేళ్ళు పడుతుందో అడుగుతారు. క్లాసు అయ్యాక తీసుకెళ్ళడం ఆలస్యమైతే పాప దగ్గర ఎవరుంటారు, ప్రోగ్రాముకి వెళ్తే బట్టలు ఎక్కడ మార్చుకుంటారు అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే గురువుగారు నొచ్చుకుంటారేమోనని మొహమాటం. ఈ మొహమాటాన్ని ముందు వదిలేయాలి. అందరికీ ఒకేలా వర్తించే నియమం ఏ ఒక్కరినీ అనుమానించి పెట్టేది కాదు. మంచి గురువుకి అది అండ, చెడ్డ ఉద్దేశంతో వచ్చినవాడికి అడ్డు.

2023 మార్చి చివర్లో చెన్నై కళాక్షేత్రలో విద్యార్థులు లైంగిక వేధింపుల మీద ధర్నాకి దిగారు. ఏప్రిల్ మొదట్లో ఒక అధ్యాపకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన, దేశమంతా తెలిసిన సంస్థలోనే పిల్లలు తమ మాట వినిపించడానికి అంత దూరం వెళ్ళాల్సి వచ్చింది. అలాంటప్పుడు వీధి చివర మేడ మీద, ఒక్క మాస్టారే గురువూ యజమానీ అయిన క్లాసులో పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? ఆ ప్రశ్నకి ప్రతి నాట్యాలయమూ పిల్ల చేరిన రోజే జవాబు చెప్పి ఉంచాలి.

ముట్టుకుని దిద్దడం

లెక్కల ట్యూషన్‌లో పాఠం పుస్తకంలో ఉంటుంది. నాట్యంలో పాఠం ఒంట్లోనే ఉంటుంది. అరమండిలో మోకాళ్ళు పక్కకి తెరుచుకోవాలి, నడుము వంగకూడదు, మోచేతులు జారకూడదు. దిద్దాలంటే ఎక్కడో ఒకచోట చెయ్యి వేయాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ నియమం మిగతా క్లాసులకంటే స్పష్టంగా ఉండాలి.

చేయవలసింది: ముందు మాటతో చెప్పండి. తర్వాత మీరే చేసి చూపండి. ఆ తర్వాత అద్దం ముందు నిలబెట్టి పిల్లనే తన మోకాలిని చూసుకోమనండి. చాలా దోషాలు ఇక్కడికే సర్దుకుంటాయి. అప్పటికీ చెయ్యి వేయక తప్పదనుకుంటే, ‘మోచెయ్యి కాస్త ఎత్తనా అమ్మా?’ అని అడిగి, అందరూ చూస్తుండగా ముంజేతినో మోచేతినో భుజం అంచునో తాకి వెంటనే చెయ్యి తీసేయండి. అయిదేళ్ళ పిల్లయినా సరే అడగాలి. అడగడం అలవాటైన పిల్లకి, అడక్కుండా తాకినవాడు తప్పు చేశాడని తెలుస్తుంది. నేను చెప్పే వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

చేయకూడనిది: నడుము, తొడలు, ఛాతీ, పిరుదుల దగ్గర చెయ్యి వేసి దిద్దకూడదు. వెనకనుంచి వచ్చి పట్టుకోకూడదు. తాళం వేసే కర్ర తాళానికే. దాంతో కాళ్ళమీద కొట్టడం, పొట్టమీద పొడవడం క్రమశిక్షణ కాదు. ‘మా గురువుగారు మమ్మల్ని అలాగే కొట్టి నేర్పారు’ అనే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ళ విద్యకి నమస్కారం, ఆ పద్ధతికి కాదు.

‘వద్దు’ అన్న పిల్లను అందరి ముందూ నిలదీయకూడదు. కారణం చెప్పమని ఒత్తిడి చేయకూడదు.

విడిగా చెప్పే క్లాసు

రంగప్రవేశం దగ్గర పడేసరికి పిల్లను విడిగా పిలిచి చెప్పడం మామూలే. తరంగంలో పళ్ళెం మీద నిలబడి ఆడడం, అభినయంలో సంచారులు గుంపులో నేర్పలేరు. నేర్పండి. కానీ తలుపు తీసి ఉండాలి, లేదా తలుపుకి అద్దం ఉండాలి. ఇంకెవరైనా పెద్దవాళ్ళు కనుచూపులో ఉండాలి. అమ్మో నాన్నో వచ్చి కూర్చుంటానంటే ‘ధ్యాస చెదురుతుంది’ అని పంపేయకూడదు. రోజూ కూర్చోవాలనేం లేదు, ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు అన్న వీలుంటే చాలు.

క్లాసు గదికి లోపలినుంచి గడియ పెట్టకూడదు. చీకటి పడ్డాక ఒక్క పిల్లను, ఒక్క గురువును ఆ మేడ మీద వదిలి మిగతావాళ్ళు వెళ్ళిపోకూడదు. తీసుకెళ్ళేవాళ్ళు ఆలస్యమైతే ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఎవరు తీసుకెళ్ళవచ్చో ముందే రాయించుకుని, ఆ పేరు లేనివాళ్ళతో పంపకూడదు, మేనమామనని చెప్పుకున్నా సరే.

గ్రీన్ రూమ్, ప్రయాణాలు

దేవస్థానం ఉత్సవాల్లో ప్రోగ్రాము అంటే గ్రీన్ రూమ్ ఎలా ఉంటుందో నాట్యం నేర్పేవాళ్ళందరికీ తెలుసు. కల్యాణ మండపం వెనక ఒక స్టోర్ రూమ్, కిటికీకి అడ్డంగా కట్టిన పాత చీర, ఒకే బల్బు. ఇరవై మంది పిల్లలు జడలు వేయించుకుంటూ, కుచ్చులు కట్టించుకుంటూ, నోట్లో పిన్నులు పెట్టుకుని ఒకరికొకరు హుక్కులు పెట్టుకుంటూ ఉంటారు. మధ్యలో సౌండ్ సిస్టం అబ్బాయి వైరు కోసం వస్తాడు, కమిటీ పెద్దమనిషి ‘ఎంతసేపమ్మా’ అంటూ తొంగిచూస్తాడు, ఫొటోగ్రాఫర్ ‘మేకప్ ఫొటోలు’ అంటూ నేరుగా లోపలికి వస్తాడు. ప్రోగ్రాము ఒప్పుకున్న రోజే నిర్వాహకులకి చెప్పండి: ఆడపిల్లలకి ఒక గది, మగపిల్లలకి ఒక గది, లోపలి గడియ పనిచేసే మరుగుదొడ్డి, గుమ్మం దగ్గర మనవాళ్ళలోనే ఒక తల్లి. ఇవి లేకపోతే ఇంటి దగ్గరే తయారు చేసి తీసుకురండి. అది కష్టమే, కానీ చేయవచ్చు.

బట్టలు మార్చే గదిలోకి ఏ ఫోనూ రాకూడదు. సీనియర్ అక్కల ఫోన్లు, టీచరు ఫోను కూడా బయట సంచిలోనే. మేకప్ వేసేది మగవాళ్ళయితే ముఖం వరకే, అదీ అందరి మధ్య. నడుముకి పట్టీలు కట్టడం, పిన్నులు పెట్టడం తల్లులో సీనియర్ అమ్మాయిలో చేయాలి.

వేరే ఊరు వెళ్తే పిల్లలతో ఒకే గదిలో గురువు పడుకోకూడదు. ఒక్క పిల్లను కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని విడిగా తీసుకెళ్ళకూడదు. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో 2010 డిసెంబరులో జరిగినట్లు వేల మందితో మహాబృందనాట్యాలు చేసే రోజులివి. అంత జనంలో పిల్ల తప్పిపోతే గుర్తుపట్టడం కష్టం, మేకప్‌లో అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయి. మెడలో కాదు, లోపలి బట్టకి ఫోన్ నంబరు చీటీ కుట్టండి. పది మంది పిల్లలకి ఒక పెద్దను పేరుపేరునా అప్పగించండి.

ఫోను, వీడియో

క్లాసు గ్రూపులో తల్లిదండ్రులే ఉండాలి. గురువు పిల్లకి విడిగా మెసేజ్ పెట్టకూడదు. పిల్ల పెడితే జవాబు గ్రూపులోనో, అమ్మని కలిపో ఇవ్వాలి. రాత్రి పదకొండుకి ‘ఇవాళ నీ కళ్ళు బాగా పలికాయి’ అన్న మెసేజ్ మెచ్చుకోలులా కనబడుతుంది. అదే మాట క్లాసులో అందరి ముందూ అనవచ్చుగా! రహస్యంగా చెప్పాల్సిన ప్రశంస పిల్లకి అక్కర్లేదు.

ప్రాక్టీసు వీడియోలు రీల్స్‌గా పెట్టేముందు తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా, పిల్ల నుంచి నోటితో ఒప్పుకోలు తీసుకోండి. స్కూలు పేరు, క్లాసు వేళలు, ఇంటి ప్రాంతం కనబడకుండా చూడండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నప్పుడు కెమెరా పడకగదిలో కాక హాల్లో ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే క్లాసు జరగాలి.

మాటలు, పాత్రలు

‘పొట్ట లోపలికి లాగు, గేదెలా ఉన్నావు’ అన్న మాట చాలా క్లాసుల్లో జోకుగా చలామణి అవుతోంది. పదకొండేళ్ళ పిల్ల ఆ మాట విని రాత్రి అన్నం మానేస్తుంది. రంగు గురించీ, లావు గురించీ, ఒంటి మార్పుల గురించీ మాట్లాడకూడదు. నెలసరి రోజుల్లో కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి, ఎందుకని అందరిలో అడగకూడదు.

మగపిల్లల సంగతి ఇంకా తక్కువగా పట్టించుకుంటున్నాం. స్త్రీ వేషం కట్టిన మగవాళ్ళే మోసిన కూచిపూడి సంప్రదాయం మనది. అయినా నాట్యం నేర్చుకునే అబ్బాయిని స్కూల్లో ‘ఆడంగి’ అంటారు. అప్పటికే ఆ మాట పడుతున్నవాడు తనకేదైనా జరిగితే నోరు విప్పడు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ఆడపిల్లలకి ఎంతో మగపిల్లలకీ అంతే. ఆ సంగతి క్లాసులో గట్టిగా చెప్పాలి.

చిన్నపిల్లలకి శృంగార పదాలు, సినిమా ఐటమ్ పాటల భంగిమలు నేర్పకూడదు. టీవీ డ్యాన్సు పోటీల్లో పిల్లలను అలా చూపించవద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 జూన్‌లో చానెళ్ళకు సూచించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు టీవీ షోలలోనో వాణిజ్య కార్యక్రమాల్లోనో పాల్గొంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరున జాతీయీకృత బ్యాంకులో వేయాలి. ‘అవకాశం పోతుంది’ అని తొందరపెట్టే మధ్యవర్తిని ఈ మూడూ అడిగి చూడండి.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనవాళ్ళు

వినికిడి లేని పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు ఇప్పుడు నాట్యంలో చేరుతున్నారు. సంతోషం. వినబడని పిల్లను పిలవాలంటే వెనకనుంచి తట్టకూడదు. లైటు వేసి ఆర్పండి, లేదా ఎదురుగా వచ్చి చెయ్యి ఊపండి. మాటలు సరిగా రాని పిల్ల ‘వద్దు’ చెప్పడానికి ఒక ముద్ర నేర్పండి, పతాక హస్తం ముందుకి చాపడం చాలు. అది చూపిన వెంటనే ఎవరైనా సరే ఆగాలి. మరుగుదొడ్డికి సాయం ఎవరు చేయాలో ఇంట్లోవాళ్ళతో కలిసి కాగితం మీద రాసుకోండి. ఆ పిల్ల ఏదైనా చెబితే ‘దానికేం తెలుసు’ అని కొట్టిపారేయకూడదు.

ఫీజు కట్టలేక ఉచితంగా నేర్చుకునేవాళ్ళు, గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకునేవాళ్ళు కూడా ఈ జాబితాలోనివాళ్ళే. రుణపడ్డామన్న భావం నోరు కట్టేస్తుంది. ఉచితమన్న మాట అందరి ముందూ ఎత్తవద్దు, ఇంటి పనులు చేయించవద్దు. పద్దెనిమిది దాటిన శిష్యురాళ్ళు అవకాశాల కోసం గురువు మీదే ఆధారపడి ఉంటారు. వాళ్ళకి పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం ఉంది. పదిమంది, అంతకు పైగా పనిచేసే సంస్థ అయితే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్నదైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఎవరిని పెట్టుకుంటున్నాం

పిల్లలతో రోజూ మెలిగే ఏ సంస్థ అయినా సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి, అదీ ఒక్కసారి కాదు, కాలకాలానికి. నట్టువాంగం చేసేవారు, మృదంగం వాయించేవారు, వ్యాను డ్రైవరు, ఊడ్చే మనిషి, సెలవుల్లో వచ్చి పాఠం చెప్పే సీనియర్, అందరికీ చేయించాలి. ‘మనవాడే’ అన్న మాట వెరిఫికేషన్‌కి బదులు కాదు.

పిల్ల చెప్పినప్పుడు

పిల్లలు నేరుగా చెప్పరు. ‘క్లాసు మానేస్తాను’ అంటారు. గజ్జెలు దాచేస్తారు. కడుపునొప్పి అంటారు. నాట్యమంటే ప్రాణం పెట్టే పిల్ల ఉన్నట్టుండి వద్దంటే, కట్టిన ఫీజు గుర్తుచేయవద్దు. పక్కన కూర్చోండి.

చెబితే వినండి. నమ్మండి. ‘చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు’ అనండి. మళ్ళీ మళ్ళీ చెప్పించవద్దు. ‘నువ్వెందుకు వెళ్ళావు, ఆ బట్టలెందుకు వేసుకున్నావు’ అనవద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేరు. పిల్ల అన్న మాటలను ఆమె మాటల్లోనే, తేదీతో రాసిపెట్టుకోండి. మెసేజ్‌లు ఉంటే చెరపవద్దు.

నాట్యాలయం సొంతంగా విచారణ జరపకూడదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. పెద్దమనుషుల్లో పెట్టి, కాళ్ళమీద పడేసి రాజీ చేయకూడదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు. నిజాయితీగా సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు. పిల్ల ఇష్టపడిందన్న వాదన చెల్లదు. నేరం చేసింది విద్యాసంస్థ సిబ్బంది అయితే శిక్ష ఇంకా పెరుగుతుంది.

పోలీసు స్టేషన్ అంటే జంకే ఇళ్ళకి ఇది తెలియాలి: పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై లేదా అంతకంటే పై హోదా ఉన్న మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో కాదు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకి వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పిల్ల పేరు, ఫొటో, స్కూలు ఎవరూ బయటపెట్టకూడదు, తల్లుల వాట్సాప్ గ్రూపులో కూడా. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112. ఈ రెండు నంబర్లూ పిల్లలు గజ్జెలు కట్టుకునే చోట, వాళ్ళ కళ్ళకి అందే ఎత్తులో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆఫీసు గదిలో కాదు.

ఆరోపణ వచ్చిన మనిషిని ఆ రోజునుంచే పిల్లలకి దూరంగా ఉంచాలి, ఆయన ఎంత పెద్ద పేరున్నవాడైనా. ఫిర్యాదు చేసిన పిల్లకి మాత్రం క్లాసు ఆగకూడదు. వేరే బ్యాచ్‌లో, వేరే టీచరు దగ్గర కొనసాగుతుందా, కొన్నాళ్ళు విరామం తీసుకుంటుందా, ఇంకో గురువు దగ్గరికి వెళ్తుందా అన్నది పిల్లా ఇంట్లోవాళ్ళూ నిర్ణయించుకోవాలి. వెళ్తానంటే సర్టిఫికెట్ పరీక్షకి కట్టిన ఫీజు, అప్పటిదాకా నేర్చిన పాఠాల వివరం, కాగితాలు అదే వారంలో చేతికి ఇచ్చి పంపండి.