అంగన్‌వాడీలో బువ్వ: బెదిరించి తినిపించొద్దు
అయిజ మండలంలోని తల్లులకు:

సీడు పత్తి క్రాసింగ్ పనికి పోయేటప్పుడు బిడ్డను మందు కొట్టిన చేనుకు తీసుకుపోకండి. అంగన్‌వాడీలో విడిచిపోండి. 3 నుంచి 6 ఏండ్ల పిల్లలకు అక్కడ వేడి అన్నం, పప్పు, గుడ్డు ఉచితంగా పెడతారు. గుడ్డు అక్కడే తిననివ్వండి. ఇంటికి తెచ్చి పంచితే బిడ్డకు ముక్కే మిగుల్తది.

7 నెలల నుంచి 3 ఏండ్ల లోపు బిడ్డకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికిస్తారు. అవి ఆ బిడ్డకే.

తినిపించే తీరు:
• ముందు సబ్బుతో చేతులు కడగండి.
• ఫోన్ చూపొద్దు. పక్కన కూర్చుని ముచ్చట చెప్పండి.
• మొహం తిప్పుకుంటే చాలన్నట్టే, ఆపండి.
• కొత్త కూర ఉమ్మేస్తే మరో రోజు కొంచెం పెట్టండి. ఎనిమిది, పదిసార్లకు అలవాటైతది.

నెలనెలా బరువు తూయించండి. పెరగకుంటే టీచర్‌ను అడగండి.